చెనిక్కాయకి చుట్టం, అగ్నిపర్వతం మీద కాపురం

చెనిక్కాయ విత్తి ముప్పై అయిదు, నలభై రోజులు దాటిన చేలో, రాత్రి వాన పడి నేల మెత్తబడ్డ పొద్దున ఒక మొక్కను మొదలు పట్టుకుని మెల్లగా పీకి, వేళ్లకు అంటిన ఎర్రమట్టిని నీళ్లలో కడిగి చూస్తే, ఆవగింజంత బుడిపెలు వేళ్ల పొడుగునా అతుక్కుని కనిపిస్తాయి. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు మెట్ట రైతులకి ఇవి బాగా తెలిసినవే. ఒక బుడిపెను బొటనవేలి గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు, ఇంకా బాగుంటే రక్తం చుక్కలాంటి ఎరుపు కనిపిస్తుంది. ఎరుపు ఉంటే బుడిపె పనిలో ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుకాలేదు, ఆకుపచ్చకు తిరిగితే పని అయిపోయింది.

ఇదే ఎరుపు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం వాలు మీద, మట్టి అనేదే లేని చోట, జానెడు ఎత్తు కూడా లేని ఒక నీలం పువ్వు మొక్క వేళ్లలో కూడా ఉంది. దాని పేరు ప్రెయిరీ లూపిన్, శాస్త్రీయ నామం లూపినస్ లెపిడస్. లెపిడస్ అంటే లాటిన్‌లో ముచ్చటైనది అని. కంది, పెసర, అలసంద, జనుము, చెనిక్కాయ, అన్నీ ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. సియాటిల్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తిరుపతి తల్లిదండ్రులు అక్కడికి దక్షిణంగా నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండను చూసి ఫొటోలు తీసుకుని వస్తుంటారు కానీ, ఆ కొండ కింద నేలకు కరుచుకుని పూసిన ఈ మొక్క తమ ఊరి చేలో పంటకి చుట్టమని చాలామందికి తట్టదు. తట్టాలి. మట్టి ఎలా పుడుతుందో మనిషి కళ్లెదుట, మొదటి రోజు నుంచీ లెక్క రాసుకుంటూ చూడగలిగిన చోట్లు లోకంలో బహు తక్కువ, వాటిలో ఇదొకటి.

1980 మే 18, ఆదివారం ఉదయం 8 గంటల 32 నిమిషాలు. 5.1 తీవ్రతతో భూకంపం వచ్చింది, అప్పటికి రెండు నెలలుగా లోపలి శిలాద్రవం తోసుకొస్తుంటే ఉబ్బిపోయి ఉన్న కొండ ఉత్తరపు వైపు మొత్తం జారిపోయింది. జారింది రెండున్నర ఘన కిలోమీటర్ల రాయి, మట్టి. చరిత్రలో నమోదైన కొండచరియల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. మూత తీసిన ప్రెషర్ కుక్కర్‌లా లోపలి ఒత్తిడి పక్కకి తన్నింది, దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి పడుకుంది, దువ్వెనతో దువ్విన జుట్టులాగా చెట్లన్నీ ఒకే వైపుకి. 57 మంది చనిపోయారు. 2,950 మీటర్ల కొండ 2,549 మీటర్లకి దిగింది, అంటే నాలుగు వందల మీటర్ల శిఖరం ఒక్క పొద్దుటికి లేకుండా పోయింది.

ఆ తర్వాత గంటల తరబడి వందల డిగ్రీల వేడితో బూడిద, నురగరాయి కలిసి కొండ ఉత్తరపు ఒడిలోకి నదిలా పారి ఆగిపోయాయి. నురగరాయి అంటే ఇంట్లో స్నానాల గదిలో మడమలు రుద్దుకునే రాయి, నీళ్లలో వేస్తే తేలేది, అదే. అలా ఏర్పడ్డ మైదానాన్ని పమిస్ ప్లెయిన్ అంటారు, ఓ పదిహేను చదరపు కిలోమీటర్లు ఉంటుంది, కొన్ని చోట్ల ఆ పొర పదుల మీటర్ల మందం. కింద అంతకుముందున్న అడవి, దాని మట్టి, వేళ్లు, విత్తనాలు అన్నీ కాలి కప్పబడిపోయాయి. ఎత్తులో చూస్తే ఆ మైదానం దాదాపు మన హార్సిలీ హిల్స్ అంతే, వెయ్యి మీటర్ల పైచిలుకు. కానీ అది 46 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి చలికాలం అంతా మంచు కింద ఉంటుంది, ఎండాకాలంలో నీడనేదే లేక రాయి కాలిపోతుంది.

తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు ఒకచోట రాతిగోడలో గీత గీసినట్టు కనిపించే శిలా విచ్ఛేదాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. గీతకి కింద గ్రానైటు జాతి రాయి, పైన నగరి క్వార్ట్‌జైటు, రెంటి మధ్య యాభై కోట్ల సంవత్సరాలకు పైగా కాలం ఖాళీ. అంత పాత రాతి మీద నివసించేవాళ్లకి మట్టి ఎప్పుడూ ఉన్నదే అనిపించడం సహజం. సెయింట్ హెలెన్స్ ఉత్తరపు ఒడిలో నేల వయసు ఇంకా యాభై ఏళ్లు నిండలేదు.

సరే, ఆ నేలలో ఏం లేదు? నీళ్లు కొంత ఉన్నాయి, నురగరాయి సందుల్లో నీళ్లు బాగానే నిలుస్తాయి. భాస్వరం, పొటాష్ లాంటివి రాతిలోనే కొంత ఉంటాయి. లేనిది నత్రజని. రాయి కరిగితే నత్రజని రాదు, అది గాలిలోంచి రావాలి. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే, అయినా మొక్కకి అందదు, ఎందుకంటే రెండు నత్రజని పరమాణువులు ఒకదాన్నొకటి మూడు బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడానికి ఎరువుల ఫ్యాక్టరీలో 400 డిగ్రీల పైన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడి పెడతారు, అలా వచ్చిన అమోనియాతోనే 45 కిలోల యూరియా బస్తా తయారవుతుంది. చేలో ఆవగింజంత బుడిపె ఆ పనిని మామూలు నేల వేడిలో, చప్పుడు లేకుండా చేస్తుంది.

చేసేది మొక్క కాదు, బుడిపెలో కాపురముండే బ్యాక్టీరియా. చెనిక్కాయలోనూ లూపిన్‌లోనూ ఎక్కువగా ఉండేది ఒకే తెగ, బ్రాడీరైజోబియం. ఇక్కడ ఒక చిక్కుంది: నత్రజనిని విడగొట్టే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, బ్యాక్టీరియాకేమో బతకడానికి ఆక్సిజన్ కావాలి. రెంటికీ సర్దిచెప్పేదే గోటితో చిదిమితే కనిపించే ఆ ఎరుపు. లెగ్‌హిమోగ్లోబిన్ అంటారు, మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి దగ్గరి బంధువు, అందులోనూ ఇనుమే. ఆక్సిజన్‌ని గుప్పిట్లో పట్టుకుని బ్యాక్టీరియాకి కొద్దికొద్దిగా అందిస్తుంది, ఎంజైముకి తగలనివ్వదు. మొక్క చక్కెర ఇస్తుంది, బ్యాక్టీరియా నత్రజని ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం తెలిసిన మొక్కకి నత్రజని లేని నేల భయం కాదు.

మరి విత్తనాలు ఎలా వచ్చాయని అడిగితే, పమిస్ ప్లెయిన్‌కి మొదట బోలెడు వచ్చినవి గాలికి ఎగిరే విత్తనాలు, మన జిల్లేడు దూది ఎగిరొచ్చినట్టు. ఫైర్‌వీడ్, పెర్లీ ఎవర్‌లాస్టింగ్ లాంటి మొక్కలవి ఏటా వచ్చి పడుతూనే ఉన్నాయి, పడినవాటిలో చాలా వరకు మొలిచి ఎండిపోవడమో, గిడసబారిపోవడమో. రావడానికి రెక్కలున్నాయి, బతకడానికి తిండి లేదు. లూపిన్‌ది దానికి పూర్తిగా ఎదురు. దాని గింజ బరువు, దూది లేదు, రెక్క లేదు, కాయ ఎండి చిట్లితే తల్లి మొక్క పక్కన అడుగో రెండడుగులో దూరాన పడుతుంది. అలాంటిది పేలుడు జరిగిన ఒకటి రెండేళ్లలోనే, ఆ మైదానం నడిమధ్యన, ఒక్కటంటే ఒక్క లూపిన్ మొక్క చార్లీ క్రిసాఫుల్లి అనే జీవావరణ శాస్త్రవేత్త కంటపడింది. అక్కడి పరిశోధనల్లో ఆ ఒక్క మొక్కకి ఉన్న చోటు వేరు.

మొక్కను దగ్గరగా చూస్తే ఎందుకు బతికిందో కొంత అర్థమవుతుంది. లేవదు, పాకుతుంది. గాలి కొట్టే చోట తలెత్తకుండా చాపలా పరుచుకుంటుంది. ఆకు చేయి చాపినట్టు ఉంటుంది, ఒకే చోటు నుంచి అయిదు నుంచి తొమ్మిది చిన్నాకులు చుట్టూ విచ్చుకుంటాయి, ప్రతి దాని మీదా వెండి రంగు నూగు. పొద్దున్నే ఆ చిన్నాకులు కలిసే నడిబొడ్డున ఒక్క మంచుబొట్టు గుండ్రంగా, పాదరసం గోలీలా నిలబడుతుంది, ఎండ ఎక్కే దాకా జారదు. ఆ నూగే ఎండని కాస్త వెనక్కి కొడుతుంది, తడి ఆరిపోకుండా ఆపుతుంది. పువ్వు చూస్తే జనుము పువ్వు పోలికే, వెనక ఒక పెద్ద రెక్క, పక్కన రెండు, మధ్యలో పడవ లాంటిది, రంగు మాత్రం నీలం, కొంచెం వంకాయ రంగు కలిసినట్టు.

లూపిన్ అనే పేరు లాటిన్‌లో తోడేలు అనే మాట నుంచి వచ్చింది. ఈ మొక్క ఎక్కడుంటే అక్కడ నేల సారం లాగేస్తుందని పాతకాలంలో జనం అనుకునేవారట. బీడు నేలలోనే కనిపిస్తుంది కాబట్టి బీడు చేసింది అదేనని నింద వేశారు. నిజానికి వేరే ఏదీ బతకని చోట బతకగలిగింది అదొక్కటే కాబట్టి అక్కడ కనిపించింది. ఊళ్లో కూడా తుమ్మ, వెంపలి, తంగేడు లాంటివి పెరిగితే నేల చెడిపోయిందని అనేవాళ్లుంటారు. ఈ మూడూ చిక్కుడు కుటుంబానివే, పైగా వెంపలి వేళ్లకి కూడా బుడిపెలుంటాయి.

ఇక్కడి దాకా విన్నవాళ్లు ఒక సాఫీ కథ ఊహించుకుంటారు: లూపిన్ వచ్చింది, నత్రజని ఇచ్చింది, నేల పచ్చబడింది. చాలా చోట్ల ఈ కథ ఇలాగే చెబుతారు కూడా. జరిగింది అలా కాదు, అసలు విషయమంతా అక్కడే ఉంది.

బతికున్న లూపిన్ తన నత్రజనిని పక్కవాళ్లకి పెద్దగా పంచదు. అది తన ఆకుల్లో, వేళ్లలో, గింజల్లో దాచుకుంటుంది. నేలకి దక్కేది ఎక్కువగా అది చచ్చాకే. ఈ మొక్క ఆయుష్షు కొద్ది సంవత్సరాలే, అందువల్ల చావులు త్వరత్వరగా జరుగుతాయి. చచ్చిన లూపిన్ చాప అక్కడే కుళ్లుతుంది, గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము, ఎండుటాకు, చచ్చిన పురుగు దాని దగ్గర ఆగుతుంది, ఎగిరొచ్చిన ఫైర్‌వీడ్ గింజ కూడా అక్కడే చిక్కుకుంటుంది. ఈసారి ఆ గింజకి తిండి ఉంది. మైదానంలో మిగతా మొక్కలు గుంపులు గుంపులుగా నిలదొక్కుకున్నది లూపిన్ బతికి చచ్చిన మచ్చల్లోనే.

పురుగుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అవి కూడా మట్టిలో భాగం. పమిస్ ప్లెయిన్ మీద ఒక్క మొక్కా లేనప్పుడే గాలి రోజూ లెక్కలేనన్ని చిన్న పురుగుల్ని, దారం పట్టుకుని తేలే సాలీళ్లని తెచ్చి పడేసేది. అందులో చాలావరకు చచ్చేవి. ఆ చచ్చినవాటిని తింటూ సాలీళ్లు, నేలపురుగులు మొక్కల కంటే ముందే అక్కడ కాపురం పెట్టాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఎడ్వర్డ్స్ ఈ పురుగుల వానని లెక్కకట్టాడు. అంటే ఆ నేలకి తొలి ఎరువు ఆకాశం నుంచి పడ్డ పురుగుల శవాలే.

పురుగులు ఎరువు వేయడంతో ఆగలేదు. లూపిన్ గుంపులు పెరుగుతుంటే వాటిని తినే గొంగళి పురుగులు దిగాయి. వేరుని తొలిచేది ఒకటి, ఆకుల్ని దారంతో ముడిచి లోపల కూర్చుని తినేది ఇంకొకటి. చిత్తూరు జిల్లాలో చెనిక్కాయ వేసిన ఎవరికైనా ఆకుముడత పురుగు తెలుసు, వానల మధ్య ఎండ కాసినప్పుడు చేను కాలినట్టు కనిపించేలా చేసేది. ఆ ఆకుముడత పురుగు, సెయింట్ హెలెన్స్ లూపిన్ ఆకుల్ని ముడిచే పురుగు, రెండూ జెలెకిడే అనే ఒకే రెక్కల పురుగుల కుటుంబానివి. చుట్టాల పంటకి చుట్టాల పురుగు.

వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాన్ బిషప్, తోటి పరిశోధకులు దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. వాళ్లు చూసింది ఆశ్చర్యంగా ఉంటుంది. ఎవరైనా ఏమనుకుంటారు, మొక్కలు ఒత్తుగా ఉన్న నడిమధ్యనే పురుగు ఎక్కువ ఉంటుందని కదా. అక్కడ తిరగబడింది. గుంపు మధ్యలో పురుగు తక్కువ, అంచుల్లో, కొత్తగా విస్తరిస్తున్న పలచటి మొక్కల మీద ఎక్కువ. దానికి ఒక కారణం భాస్వరం: ఏళ్ల తరబడి ఒత్తుగా పెరిగిన మధ్యభాగంలో మొక్కల ఆకుల్లో భాస్వరం తగ్గుతుంది, అలాంటి ఆకు తిన్న గొంగళి సరిగ్గా ఎదగదు, అంచుల్లో ఆకు బలంగా ఉంటుంది, పురుగూ బలంగా ఉంటుంది. ఫలితం ఏమిటంటే, గుంపు ముందుకు అడుగు వేసే చోటే దెబ్బ తింటుంది. లూపిన్ పాకే వేగం బాగా తగ్గిపోయింది. కొన్నేళ్లు మైదానం నీలంగా నిండిపోవడం, తర్వాత కూలిపోవడం, మళ్లీ గింజల్లోంచి లేవడం, ఇలా నడిచింది. మొదటి మొక్క దొరికింది కాబట్టి ఇంక అంతా పచ్చబడుతుందని లెక్కేసిన వాళ్ల లెక్క తప్పింది.

ఇంకో పాత్ర ఉంది, దాన్ని రైతులు ఎక్కడా ఇష్టపడరు. గోఫర్. మన పందికొక్కు లాగా బొరియలు తవ్వి వేళ్లు కొరికే జంతువు, సైజులో ఇంకా చిన్నది. పేలుడు జరిగిన పొద్దున కొండ చుట్టుపక్కల గోఫర్లు కొన్ని చోట్ల బొరియల్లో ఉండి బతికిపోయాయి. బతికినవి వాటి పని అవి చేసుకున్నాయి, అంటే తవ్వాయి. తవ్వితే కింద కప్పబడిపోయిన పాత మట్టి పైకి వచ్చింది, దానితోపాటు వేళ్లతో జతకట్టే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా కూడా. 1983 మే నెలలో మైకేల్ అలెన్, జేమ్స్ మెక్‌మహన్ బృందం గోఫర్లను తెచ్చి నురగరాయి నేలలో రెండు మడుల్లో ఒక్క రోజు వదిలింది. అప్పటికి అక్కడున్నవి డజను దాకా మొక్కలు. ఆరేళ్లకి అవే మడుల్లో 40,000 మొక్కలు లెక్కకొచ్చాయి, పక్కన గోఫర్ ముట్టని నేల ఇంకా బోడిగానే ఉంది. ఆ ఒక్క రోజు తవ్వకం ప్రభావం నాలుగు దశాబ్దాల తర్వాత కూడా అక్కడి శిలీంధ్రాల్లో, బ్యాక్టీరియాలో కనిపిస్తోందని 2024లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఇదంతా కలిపి చూస్తే మట్టి చేయడానికి లూపిన్ ఒక్కటీ చాలలేదు. నత్రజని పట్టే మొక్క, ఆ మొక్క వేళ్లలో బ్యాక్టీరియా, దాన్ని తినే గొంగళి, గాలికొచ్చి చచ్చే పురుగు, కిందది పైకి తెచ్చే కొక్కు, వీటన్నిటి మీదా కాలం. 1982లో అమెరికా ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని జాతీయ అగ్నిపర్వత స్మారకంగా ప్రకటించినప్పుడు, అక్కడ ప్రకృతి పని దాన్ని చేసుకోనివ్వాలని చట్టంలోనే రాసింది. అందువల్లే ఇవన్నీ తెలిశాయి. ఈ మధ్య తొలకరి రాగానే కొండల మీద సీడ్ బాల్స్ విసరడం స్కూళ్లలో, సంఘాల్లో బాగా అలవాటైంది, మంచి మనసుతోనే చేస్తున్నారు, కానీ విసిరిన చోట మట్టి ఎంత ఉంది, ముందు ఏ మొక్కలు పడి కుళ్లాయి, అనేది చూసేవాళ్లు తక్కువ. గింజ కరువై కొండ బోడిగా ఉండటం తక్కువ, గింజ పడినా పట్టుకునే నేల లేక బోడిగా ఉండటమే ఎక్కువ. నురగరాయి మీద ఎండిపోయిన ఫైర్‌వీడ్ మొలకలు ఆ విషయం ఎప్పుడో చూపించాయి.

పమిస్ ప్లెయిన్‌లో నీళ్లు పారే వాగుల వెంట ఇప్పుడు సిట్కా ఆల్డర్ అనే పొద ఒత్తుగా లేచింది. అది కూడా నత్రజని పట్టేదే, కాకపోతే చిక్కుడు కుటుంబం కాదు, దాని వేళ్లలో ఉండేది ఫ్రాంకియా అనే వేరే బ్యాక్టీరియా. మన సరుగుడు చెట్టు వేళ్లలో ఉండేదీ ఫ్రాంకియా తెగే. ఆల్డర్ నీడ పడ్డ చోట లూపిన్ ఉండలేదు, ఎండ కావాలి దానికి. అది మళ్లీ బోడి నేల ఎక్కడుందో అక్కడికే జరుగుతుంది.

ఇక చెనిక్కాయ దగ్గరికి వస్తే, పప్పుజాతి పంట వేస్తే భూమికి బలం అని అందరూ అంటారు, పుస్తకాల్లోనూ ఉంటుంది. అది సగమే నిజం. లూపిన్ ఎక్కడ పుట్టిందో అక్కడే చస్తుంది, వేరుతో సహా. చెనిక్కాయను మాత్రం కాయ భూమిలో ఉంటుంది కాబట్టి వేళ్లతో, బుడిపెలతో పీకేస్తాం. కాయలు ఒలిచి మండీకి పోతాయి, గింజలోని మాంసకృత్తుల్లో చేరింది ఈ నత్రజనే, అది ఎలాగూ పోయేదే. మిగిలిన కట్టెలో, అంటే ఆకు, కాండంలో, ఇంకా బోలెడు ఉంటుంది. కట్టె ఇంటి వామిలో పడి, ఆవులు తిని, పేడ దిబ్బలోకి వచ్చి, మళ్లీ అదే చేలోకి తోలితే ఆ బలం తిరిగి వచ్చినట్టు. కట్టెను లారీకెత్తి అమ్మేస్తే ఆ బలం కూడా లారీ ఎక్కినట్టే. మూడు నాలుగు నెలలు బుడిపెలు కష్టపడినా కొన్ని చేలల్లో తర్వాతి పంట ఎందుకు పుంజుకోలేదో వెతికితే, చాలాసార్లు సమాధానం ఈ కట్టె దగ్గరే దొరుకుతుంది.

అగ్నిపర్వతం మీద నీలం పువ్వు చేసే పనికి మన దగ్గర అన్నిటికంటే దగ్గరగా ఉన్నది చెనిక్కాయ కన్నా జనుము, జీలుగ, పిల్లిపెసర. తొలి వానకి చల్లి, నలభై, నలభై అయిదు రోజులకి పూత మొదలయ్యే వేళ, కాండం ఇంకా ముదరకముందే, మడకతోనో ట్రాక్టరుతోనో నిలువునా అదే నేలలోకి కలియదున్నేస్తారు. రెండు వారాలు తడి ఉంటే ఆకు నల్లబడి చివికిపోతుంది, పిడికెడు మట్టి తీసి చూస్తే బుడిపెలు కూడా వేళ్ల మీదే మెత్తబడి, పట్టుకుంటే చిదిమిపోతుంటాయి.